హైవేలో 80 దాటకపోతే పిరికివాళ్ళమా? వేగం గురించి ఇంట్లోవాళ్ళ మాటలు, వెనుకవాళ్ళ హారన్లు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. హైదరాబాద్ నుంచి తణుకు దగ్గర అత్తగారి ఊరికి పండగలకూ పెళ్ళిళ్ళకూ కారులో వెళ్తారు. హైవే మీద 80, మహా అయితే 90 దాటరు. పక్క సీట్లో మామగారు "ఇలా అయితే పండగ వెళ్ళిపోయాక చేరతాం" అంటారు. వెనుక నుంచి బావమరిది "ఆడవాళ్ళు కూడా మనల్ని దాటేస్తున్నారు బావా, స్టీరింగ్ నాకివ్వు" అంటాడు. వెనుక వచ్చే కార్లవాళ్ళు లైట్లు కొట్టి, హారన్ మోగించి, దాటేటప్పుడు అదోలా చూసి పోతారు. నాకు నిజంగానే డ్రైవింగ్ రాదా, వేగం అలవాటు చేసుకోవాలా అన్నది మీ సందేహం. పెద్ద ఇంజిన్ ఉన్న కారు కొంటే ఈ బెరుకు పోతుందా అని కూడా అడిగారు. దాని సంగతి చివర్లో చెబుతాను.

సూటిగా జవాబు: వేగం పెంచవద్దు. కానీ ఆ వేగంతో ఏ లేన్‌లో వెళ్తున్నారో ఒకసారి చూసుకోండి. 80లో ఎడమ లేన్‌లో వెళ్తుంటే మీ మీద ఎవరికీ ఫిర్యాదు ఉండకూడదు. అదే 80లో డివైడర్ పక్కన కుడి లేన్ పట్టుకుని కిలోమీటర్ల తరబడి వెళ్తుంటే మాత్రం వెనుకవాడి హారన్‌లో న్యాయం ఉంది. మీ ప్రశ్నలో లేన్ మాట ఎక్కడా లేదు. అందుకే ముందే అంటున్నాను.

నేను ఆర్టీసీలో ఎక్స్‌ప్రెస్‌లు, తర్వాత సూపర్ లగ్జరీ బస్సులు నడిపాను. ఎక్కువ కాలం హైదరాబాద్–విజయవాడ రూటే. ఆ తర్వాత కొత్త డ్రైవర్లకు శిక్షణ ఇచ్చే పనిలో ఉన్నాను. పదవీ విరమణ చేశాక, లైసెన్సు ఉండీ హైవే ఎక్కడానికి జంకే వాళ్ళను పక్కన కూర్చుని అలవాటు చేయిస్తున్నాను. మీలాంటి ప్రశ్న వేసేవాళ్ళే నా దగ్గరికి ఎక్కువగా వస్తారు. వాళ్ళలో చాలామందికి డ్రైవింగ్ బాగానే వస్తుంది. రానిది ఇంట్లోవాళ్ళకు సమాధానం చెప్పడం.

ముందు చట్టం సంగతి చూద్దాం. 2018 ఏప్రిల్‌లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం మధ్యలో డివైడర్ ఉన్న నాలుగు లేన్ల రోడ్డు మీద కారుకు గరిష్ఠ వేగం 100. పెద్ద బస్సుకు 90, లారీకి 80. పట్టణాల్లోనూ, మామూలు రోడ్ల మీదా కారుకు 70. అక్కడక్కడా అంతకంటే తక్కువ అంకెతో బోర్డు పెట్టి ఉంటే ఆ బోర్డే చెల్లుతుంది. అంటే మీ 80–90 హైవే మీద బస్సులు, లారీలు వెళ్ళే వేగమే. మీరు ఎవరికీ అడ్డం కాదు, వింత మనిషి అసలే కాదు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద లెక్క వేరు. అక్కడ 2023 నుంచి, డివైడర్ వైపు నుంచి లెక్కపెడితే, మొదటి రెండు లేన్లలో 120 వరకూ అనుమతి ఉంది, మూడు నాలుగు లేన్లలో 80. మీరు 80 మనిషి కాబట్టి అక్కడ మూడోదో నాలుగోదో మీ లేను. మొదటి లేన్‌లో 80కి వెళ్తే ప్రమాదం కొనితెచ్చుకున్నట్టే.

లేన్ గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే సగం గొడవ ఇక్కడే పుడుతుంది. మన దగ్గర ఎడమ లేన్ అంటే ఆటోలదీ, ట్రాక్టర్లదీ అన్న చిన్నచూపు ఒకటి ఉంది. కారు కొన్నవాడు డివైడర్ పక్కనే వెళ్ళాలి, లేకపోతే పరువు తక్కువ. రూలు మాత్రం తిరగేసి ఉంది: కుడి లేన్ దాటడానికి, దాటాక మళ్ళీ ఎడమకు రావాలి. అయితే రూలు చెప్పినంత తేలిగ్గా రోడ్డు ఉండదని నాకూ తెలుసు. ఎడమ లేన్‌లో ఎదురుగా మోటారు సైకిల్ వస్తుంది, వెనుక లైటు లేని గడ్డి ట్రాక్టరు ఉంటుంది, కోతల రోజుల్లో సర్వీసు రోడ్డు చాలక హైవే అంచున కూడా వడ్లు, మొక్కజొన్న ఆరబోస్తారు. అందుకే లారీవాళ్ళు కుడి లేన్ పట్టుకుని వదలరు. మీరు ఆ లారీని దాటాలంటే ఎడమ నుంచి దూరాల్సి వస్తుంది. ఇలాంటి చోట తొందరపడకండి. లారీ వెనుక నాలుగు సెకన్ల దూరంలో ఉండి, ఒకసారి హారన్, రాత్రయితే ఒకసారి డిప్పర్ కొట్టి ఆగండి. చాలామంది సైడు ఇస్తారు. ఇవ్వకపోతే ఎడమ వైపు చాలా దూరం వరకూ ఖాళీగా కనబడితేనే వెళ్ళండి. లారీవాడు ఇండికేటర్ వేసి "దాటిపో" అని చెప్పే ఆనవాయితీ ఒకటి ఉంది. దాన్ని నమ్మకండి. ఒకడు దాటమని వేస్తాడు, ఇంకొకడు నిజంగానే తిరగడానికి వేస్తాడు.

ఇక మీ వెనుక లైట్లు కొట్టేవాడి విషయం. మీరు కుడి లేన్‌లో ఎవరినో దాటుతూ ఉంటే, దాటడం పూర్తి చేసి, ఎడమ అద్దం చూసి, ఇండికేటర్ వేసి పక్కకు రండి. అంతే. వాడి కోసం వేగం పెంచవద్దు, వాడి మీద కోపంతో తగ్గించనూ వద్దు. బ్రేకు లైటు వెలిగించి బెదిరించడం కొందరికి సరదా. వెనుకవాడు పది మీటర్ల దూరంలో ఉన్నప్పుడు ఆ సరదా చాలా ఖరీదైనది. ముందు బండికీ మీకూ మధ్య ఖాళీ వదిలితే ఎవడో ఒకడు దూరుతున్నాడని కూడా రాశారు. దూరనివ్వండి. మళ్ళీ కాస్త వెనక్కి తగ్గి ఖాళీ చేసుకోండి. అలా ఒక్కొక్కడు దూరినందుకు మీకు పోయేది రెండు మూడు సెకన్లు.

80కీ 100కీ పెద్ద తేడా ఏముందిలే అనేవాళ్ళకు నేను శిక్షణలో ఒక లెక్క చెప్పేవాడిని. 80లో వెళ్తున్న కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. 70 మీటర్ల ముందు డివైడర్ సందులోంచి గేదె రోడ్డు మీదికి వచ్చిందనుకోండి. కంటికి కనబడి, బుర్రకెక్కి, కాలు బ్రేకు మీదికి పోయేసరికి సెకనున్నర పడుతుంది. అప్పటికే 33 మీటర్లు అయిపోయాయి. పొడి రోడ్డు, మంచి టైర్లు ఉండి గట్టిగా తొక్కితే ఇంకో 35 మీటర్లకు కారు ఆగుతుంది. గేదెకు బెత్తెడు దూరంలో ఆగారు, చెమట తుడుచుకున్నారు. ఇప్పుడు అదే చోట అదే గేదె, మీ బావమరిది 100లో వస్తున్నాడు. కాలు బ్రేకు మీదికి పోయేసరికే 42 మీటర్లు చెల్లిపోయాయి. మిగిలిన 28 మీటర్లలో కారు ఆగదు. గేదెను తగిలే క్షణానికి ఇంకా దాదాపు 70 వేగంతో ఉంటుంది. పెంచింది 20, గుద్దింది 70తో. ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే గొంతు పెంచేవాళ్ళు కూడా కాసేపు మాట్లాడరు. మీ బావమరిది ఇంజినీరింగ్ చదివాడన్నారు కదా, అతన్నే వేయమనండి. వాన పడితే ఆ బ్రేకు దూరం ఇంకా పెరుగుతుందని కూడా గుర్తు చేయండి.

దేశం మొత్తం మీద 2022లో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగి 1,68,491 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వ నివేదిక చెబుతోంది. ఆ మరణాల్లో 71 శాతానికి అతివేగమే కారణమని అందులో రాశారు. ఆ శాతాన్ని నేను అక్షరాలా నమ్మను. మన పోలీసు కాగితాల్లో "అతివేగం, అజాగ్రత్త" అని రాసేయడం ఒక వరస. గుంత ఉన్నా, లైటు లేని లారీ రోడ్డు పక్కన నిలిపి ఉన్నా చివరికి అదే మాట పడుతుంది. అయినా అందులో కొంత కొట్టేసి చూసినా మిగిలేది చిన్న సంఖ్య కాదు. సగటు వేగం 1 శాతం పెరిగితే ప్రాణాలు తీసే ప్రమాదాలు 4 శాతం పెరుగుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నా అనుభవానికి ఈ మాటే దగ్గరగా ఉంది.

సరే, టైం ఎంత కలిసొస్తుంది? 100 కిలోమీటర్ల ఖాళీ రోడ్డు దొరికితే 80లో గంటా 15 నిమిషాలు, 100లో గంట. పావుగంట తేడా. ఆ ఖాళీ రోడ్డు దొరకడమే కష్టం. కొత్త డ్రైవర్లతో ఒక పని చేయించేవాడిని. అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక లైట్లు కొట్టి మమ్మల్ని దాటేసిన కారు నంబరులో చివరి నాలుగు అంకెలు గుర్తు పెట్టుకోమనేవాడిని. పంతంగి టోల్‌గేటు దగ్గర వరసలు చూడమంటే, ఆ కారు చాలాసార్లు మా ముందు ఐదో బండిగానో ఆరో బండిగానో కనబడేది. ఒక్కోసారి కనబడదు. అప్పుడు వాడికి పది నిమిషాలు కలిసొచ్చాయి, కాదనను. సంక్రాంతి ముందు రెండు రోజులు అయితే ఈ లెక్క కూడా అక్కర్లేదు. ఎవరు ఎంత తొక్కినా చౌటుప్పల్ దాకా అందరిదీ ఒకటే వేగం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఒత్తిడి రోడ్డు మీద పుట్టదు, గుమ్మంలో పుడుతుంది. పెళ్ళింటికో పండగకో వెళ్ళి కారు దిగగానే మగవాళ్ళ గుంపులోంచి వచ్చే మొదటి ప్రశ్న ఏమిటి? "ఎన్నింటికి బయలుదేరారు?" మీరు ఐదింటికి అనగానే అవతలి మనిషి మనసులో తీసివేత పూర్తవుతుంది. వెంటనే ఆయన గారి రికార్డు బయటికి వస్తుంది: "మేము ఆరున్నరకు బయలుదేరి నార్కెట్‌పల్లిలో టిఫిన్ కూడా చేసి మీకంటే ముందే వచ్చాం." ఆ టిఫిన్ మాట ఎందుకు కలుపుతారో మీకు తెలుసు. దారిలో ఎన్నిసార్లు గుండె నోట్లోకి వచ్చిందో, వెనుక సీట్లో ఇల్లాలు ఎన్నిసార్లు కళ్ళు మూసుకుందో ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. మీ బావమరిది దారి పొడవునా మిమ్మల్ని తొందరపెట్టేది ఆ గుంపు ముందు మీ కారు తరఫున చెప్పాల్సిన అంకె కోసం. మీ మీద ద్వేషంతో కాదు.

దీనికి నేను చెప్పే మందు చాలా చిన్నది. ఆ అంకె చెప్పడం మానేయండి. "ఎన్నింటికి బయలుదేరారు?" అంటే "తెల్లవారుజామునే, మధ్యలో ఆగుతూ ఆగుతూ హాయిగా వచ్చాం" అనండి. రెండోసారి అడిగితే పిల్లల సంగతి మాట్లాడండి. మీరు ఆడని ఆటలో మిమ్మల్ని ఎవరూ ఓడించలేరు. రెండు మూడు పండగలకు అడగడం తగ్గిపోతుంది. మా బంధువుల్లో అలాగే తగ్గింది.

దీనికి తోడు ఫోను. బయలుదేరిన గంట నుంచి అత్తగారు "ఎక్కడిదాకా వచ్చారు?" అని అడుగుతూనే ఉంటారు. ప్రేమతోనే అడుగుతారు. మనవాళ్ళు ఇంకా నందిగామ కూడా రాకుండానే "విజయవాడలోకి వచ్చేశాం అత్తయ్యా" అంటారు. ఆ అబద్ధాన్ని నిజం చేయడానికి తర్వాతి గంటంతా యాక్సిలరేటర్ తొక్కుతారు. అవతల ఇంట్లో అన్నం వార్చేసి ఎదురుచూస్తుంటారు కదా! ఎక్కడుంటే అక్కడే చెప్పండి. ఫోను మీ శ్రీమతి చేతిలో ఉంచండి. ఇంటి నుంచి బయలుదేరేటప్పుడు "పన్నెండున్నరకల్లా వస్తాం" అని మాట ఇవ్వకుండా, "మా కోసం భోజనాలు ఆపవద్దు" అని చెప్పండి. ఈ ఒక్క మాటతో ఎంత బరువు తగ్గుతుందో ఒక ప్రయాణంలో చూడండి.

బస్సు డ్రైవరుకు ఈ ఒత్తిడి రోజూ ఉంటుంది. ముందు సీట్లో ఒక పెద్దమనిషి తప్పకుండా కూర్చుంటారు. "డ్రైవరు గారూ, ఆ ప్రైవేటు బస్సు మన వెనుక బయలుదేరింది, చూడండి, ఎలా వెళ్ళిపోయిందో!" వెనుక నుంచి ఇంకొకరు "ఇది ఎక్స్‌ప్రెస్సా, ప్యాసింజరా?" అంటారు. కొత్త కుర్రాళ్ళకు చెవులు ఎర్రబడేవి. వాళ్ళకు నేను చెప్పింది ఒకటే: తొందరపెట్టిన పెద్దమనిషే, బస్సు ఎవరినైనా తగిలిన రోజున "నేను చెబుతూనే ఉన్నాను, పిచ్చి స్పీడు" అని పోలీసులకు సాక్ష్యం చెబుతాడు. 2013 అక్టోబరులో మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర బెంగళూరు నుంచి వస్తున్న ప్రైవేటు వోల్వో బస్సు ఒక కారును దాటబోయి కల్వర్టును కొట్టుకుని కాలిపోయి 45 మంది చనిపోయినప్పుడు, బస్సుల వేగం గురించి కొన్ని నెలలు అందరూ మాట్లాడారు. తర్వాత ప్రయాణికుల తొందర మామూలే.

అయితే డిపోలో మాకు ఒక రక్షణ ఉండేది. అది మీకు పనికొస్తుంది కాబట్టి చెబుతున్నాను. ఆర్టీసీలో డ్రైవరును కొలిచేది కేఎంపీఎల్‌తో, అంటే లీటరు డీజిలుకు ఎన్ని కిలోమీటర్లు నడిపాడన్న లెక్కతో. ఎవరిది ఎంతో డిపోలో అందరికీ తెలిసిపోతుంది. అదేపనిగా తొక్కి, బ్రేకు కొట్టి నడిపేవాడి పేరు కింద ఉంటుంది. మెత్తగా, ముందుచూపుతో నడిపేవాడి పేరు పైన ఉంటుంది. ప్రమాదం లేకుండా సర్వీసు చేసినవాళ్ళకు వారోత్సవాల్లో సన్మానం చేస్తారు. దాంతో డ్యూటీ దిగాక మా గొప్పలు వేగం గురించి ఉండేవి కావు. "ఈ రోజు బ్రేకు ఎంత తక్కువ తొక్కాను" అన్నది గొప్ప. మనుషులు వాళ్ళే, రోడ్డు అదే, కొలబద్ద మారింది. మీ ఇంట్లో కూడా కొలబద్ద మార్చి చూడండి. కారులో సగటు మైలేజీ చూపించే మీటరు ఉంటే బావమరిదికి చూపించి "నీ చేతిలో ఎంత వస్తుందో చూద్దాం" అనండి. కుర్రాళ్ళకు ఏదో ఒక పందెం కావాలి, ఈ పందెం వల్ల ఎవరూ చావరు.

మామగారి విషయం వేరు. పెద్దవాళ్ళు వేగం కోసం అంటారని నేను అనుకోను. ముహూర్తానికి అందమేమో, చీకటి పడ్డాక కాలువ గట్ల మీద వెళ్ళాల్సి వస్తుందేమో అన్న ఆదుర్దా అలా బయటికి వస్తుంది. ఆయనతో వేగం గురించి వాదించవద్దు. బయలుదేరే టైం గంట ముందుకు జరపండి. దారిలో ఆయనకు ఒక పని అప్పజెప్పండి: ఫాస్టాగ్‌లో బ్యాలెన్సు చూడటం, ఎక్కడ టీకి ఆగాలో నిర్ణయించడం లాంటివి. "మామయ్యగారూ, సూర్యాపేటలో ఆగుదామా, కోదాడలోనా?" అని అడిగితే ఆయన ధ్యాస స్పీడోమీటరు మీంచి పోతుంది. బావమరిదికి మాత్రం ఒక షరతు పెట్టండి. స్టీరింగ్ ఎవరిదో ఇంటి దగ్గరే తేలాలి, దారిలో చేతులు మారకూడదు. ఎగతాళి పడలేక విసుగుతో తాళం ఇచ్చేసిన బండిలో, తీసుకున్నవాడు తన గొప్ప నిరూపించుకోవడానికే నడుపుతాడు. అతను నడపాలనుకుంటే ఏ ఊరి నుంచి ఏ ఊరి దాకా అన్నది బయలుదేరే ముందే అనుకోండి. మాటలు మరీ మితిమీరితే సమాధానం చెప్పవద్దు. ధాబా దగ్గరో పెట్రోలు బంకు దగ్గరో ఆపి టీ తాగించండి. ప్రతి ఎగతాళికీ పది నిమిషాలు ఆలస్యం అవుతుందని అర్థమైతే తొందరున్నవాళ్ళే నోరు మూసుకుంటారు.

"ఆడవాళ్ళు కూడా దాటేస్తున్నారు" అన్న మాటకు నాకు నవ్వొచ్చింది. మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయే ప్రతి పది మందిలో ఎనిమిది మందికి పైగా మగవాళ్ళే. బయట తిరిగేదీ, నడిపేదీ ఎక్కువగా మగవాళ్ళే కాబట్టి కొంత అది సహజం, కానీ గొప్పగా చెప్పుకునే సంగతి మాత్రం కాదు. నా దగ్గర హైవే నేర్చుకున్న ఒక బ్యాంకు ఉద్యోగిని ఉండేవారు. ఒక్కరే నడిపితే చక్కగా నడిపేవారు. భర్త పక్కన కూర్చుంటే చాలు, సగం దాటి వెనక్కి తగ్గడం, లేన్ల మధ్య తచ్చాడటం. ఆయన నోటి నుంచి "ఇప్పుడు దాటు, దాటు, అయ్యో వద్దు" అని ఆగకుండా వచ్చేది. వాళ్ళ కారులో ఎడమ సీటు కింద మ్యాట్ ఎప్పుడూ ముందుకు జరిగి ముడత పడి ఉండేది: అక్కడ లేని బ్రేకును ఆయన తొక్కిన తొక్కుడుకు. ఒక బండికి రెండు బుర్రలు పనికిరావని చెప్పి కొంతకాలం ఆయన్ను వెనుక సీట్లో కూర్చోమన్నాను. నొచ్చుకున్నారు, కానీ కూర్చున్నారు. ఆవిడ డ్రైవింగ్ తేరుకుంది. మీ మామగారిని వెనుక కూర్చోబెట్టమని మీకు చెప్పను, అల్లుడిగా అది మీవల్ల కాదు. అయితే ముందు సీట్లో మీ శ్రీమతి కూర్చునేలా ఆవిడ చేతే అడిగించవచ్చు. "నాన్నా, వెనుక అయితే మీరు కాళ్ళు చాపుకోవచ్చు."

మొత్తంగా మన సమాజంలో వేగానికి సిగ్గు లేదు. ఎదురుగా వచ్చేవాడు లైటు కొట్టి "ముందు పోలీసులు స్పీడు గన్ పెట్టారు" అని ముక్కూ మొహం తెలియని మనిషికి సాయం చేస్తాడు. ముందు గేదెల మంద ఉందని లైటు కొట్టినవాణ్ణి నేను అరుదుగా చూశాను. తెలంగాణలో 2022లోనూ, 2023 చివర్లోనూ పాత చలాన్ల మీద భారీ రాయితీలు ఇచ్చాక, జరిమానా కట్టకుండా తర్వాతి రాయితీ కోసం ఆగేవాళ్ళు తయారయ్యారు. జూనియర్ ఎన్టీఆర్ తన సభల చివర "జాగ్రత్తగా ఇళ్ళకు వెళ్ళండి" అని అభిమానులను ప్రతిసారీ బతిమాలుతారు. ఆయన అన్న జానకిరామ్ 2014లో, తండ్రి హరికృష్ణ 2018లో, ఇద్దరూ ఉమ్మడి నల్గొండ జిల్లా రోడ్ల మీదే కారు ప్రమాదాల్లో పోయారు. ఆ మాటకు చప్పట్లు కొట్టినవాళ్ళలోనే కొందరు బయటికి వచ్చి ముగ్గురేసి బైకెక్కి కేకలు వేసుకుంటూ పోతారు. అభిమాన హీరో వల్ల కానిది మీ వల్ల అవుతుందని ఆశ పెట్టుకోకండి. మీ కారు వరకు చూసుకోండి చాలు.

కొన్ని జాగ్రత్తలు మీ వైపు కూడా ఉన్నాయి. నెమ్మదిగా వెళ్ళడం, జాగ్రత్తగా వెళ్ళడం ఒకటి కావు. 80లో వెళ్తూ ఫోను చూసేవాడికంటే 100లో రోడ్డు చూసేవాడు నయం. సర్వీసు రోడ్డు నుంచి హైవే మీదికి 30లో ఎక్కడం, దాటడం మొదలుపెట్టి సగంలో మనసు మార్చుకోవడం, ఖాళీ రోడ్డు మీద ఊరికే బ్రేకు తొక్కడం: ఇవి భయంతో చేసే తప్పులు, వెనుకవాడికి ప్రాణాంతకాలు. హైవే ఎక్కేటప్పుడు మీ ముందున్న చోటంతా వాడుకుని వేగం అందుకోండి. దాటాలనుకుంటే 100కు వెళ్ళి చకచకా దాటేసి, మళ్ళీ 85కు రండి. దాటేటప్పుడు లారీ పక్కన సమానంగా వేలాడకూడదు.

ఇంకొకటి. గంటల తరబడి 90లో వెళ్ళాక 60 చాలా నెమ్మదిగా అనిపిస్తుంది. తణుకు దగ్గర హైవే దిగి కాలువ గట్టు ఎక్కినప్పుడు ఇది మోసం చేస్తుంది. మామూలు రోడ్డుకు చట్టం 70 అంటుంది కానీ, ఒక పక్క కాలువ, ఇంకో పక్క చేను, ఎదురుగా ట్రాక్టరు ఉన్న గట్టు మీద 40 కూడా ఎక్కువే. హైవే మీద జాగ్రత్తగా వచ్చిన మనిషి "ఇంటికి వచ్చేశాం" అన్న ధీమాతో ఇక్కడే వదులుతాడు. గట్టు ఎక్కగానే ఒకసారి స్పీడోమీటరు చూసుకోండి, ఒంటికి తోచిన వేగాన్ని నమ్మకండి. రాత్రిపూట మలుపు దగ్గర హారన్, డిప్పర్ రెండూ కొట్టండి.

పెద్ద ఇంజిన్ కారు గురించి. కొనాలనుకుంటే వేరే కారణానికి కొనుక్కోండి. లారీని తొందరగా దాటడానికి కాస్త పనికొస్తుంది, అంతే. బెరుకు పోదు సరికదా, "ఇంత కారు పెట్టుకుని ఇదేమి నడపడం" అనే కొత్త పాట మొదలవుతుంది. ఆ డబ్బులో కొంచెం టైర్ల మీద పెట్టండి. ఇప్పుడున్న కారు టైరు పక్క గోడ మీద డీఓటీ అక్షరాలతో మొదలయ్యే వరస ఉంటుంది, దాని చివర నాలుగు అంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. ఐదారేళ్ళు దాటి ఉంటే, గాడులు బాగానే కనబడుతున్నా, వచ్చే పండగలోపు మార్పించండి. నాలుగు టైర్లూ చూడండి, స్టెప్నీతో సహా.